గురువారాల డాక్టరు

బడులకు వేసవి సెలవులిచ్చిన రోజున స్కూలు బస్సును షెడ్డులో పెట్టి, తాళాలు అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి మా తమ్ముడు ఆర్లిస్ వరండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గడ్డి కోసే మిషన్ పెరటి మధ్యలో ఆగి ఉంది. పెట్రోలు అయిపోయిందా అని అడిగాను.

"దానికి కాదు. నాకు," అన్నాడు.

ఆర్లిస్ బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా ఇనుప మేకులు బిగించేవాడు. గని మూసేశాక ఇళ్లకు రేకులు వేశాడు, కట్టెలు కొట్టాడు, ఎవరు పిలిస్తే వాళ్ల పనికి వెళ్లాడు. పని మధ్యలో వాడు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మకు నాకంటే ముందే తెలుసు. బట్టలు ఉతికేది ఆమె. ఆ సాయంత్రం వంటింట్లో కొళాయి తిప్పి, నీళ్ల చప్పుడు మాటున చెప్పింది. ఈస్టరు పండగ నుంచీ వాడి లోదుస్తులకు రక్తం అంటుతోంది. అడిగితే మొలలని చెప్పి తప్పించుకున్నాడు. బెల్టుకు కొత్త చిల్లులు మేకుతో తనే పొడుచుకున్నాడు.

మా బెయిలీ ఫోర్క్ లోయకు దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో డాక్టరు లేడు. కార్లా అనే నర్సు చూస్తుంది, మందులూ ఆమే రాస్తుంది. ఆమె ఆర్లిస్‌కు రక్త పరీక్ష చేయించింది. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడాలని, అది తన వల్ల అయ్యేది కాదని, పేగుల డాక్టరు దగ్గరికి వెళ్లాలని చెప్పింది. ఎంత తొందరగా అని అడిగాను.

"నా తమ్ముడైతే ఈ నెల దాటనివ్వను," అంది.

ఆర్లిస్‌కు ఉన్నది మెడికెయిడ్ కార్డు. పేదవాళ్లకు సర్కారు ఇచ్చే బీమా. గని పోయాక మా లోయలో సగం ఇళ్లకు అదే వచ్చింది. కార్డు చూపిస్తే వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. చూపిస్తే తీసుకునే డాక్టరు ఉండాలి, అంతే.

కార్లా ఆ కార్డు తీసుకునే పేగుల డాక్టర్ల పేర్లు కంప్యూటర్లోంచి తీసి ఇచ్చింది. మా లోయలో సెల్‌ఫోన్ పలకదు. వంటింటి గోడకున్న ఫోను ముందు కుర్చీ వేసుకుని జూన్ నెలంతా కూర్చున్నాను. మొదటి నంబరుకు ఒక ముసలావిడ పలికింది. డాక్టరు ఆమె భర్త. ఆయన పోయి రెండేళ్లయింది. పేరు తీసేయమని ఆమె కూడా ఫోన్లు చేసి విసిగిపోయింది. మీ తమ్ముడికి తగ్గాలని ప్రార్థన చేస్తాను, పేరు చెప్పమంది. చెప్పాను. ఇంకొకాయన పిల్లల డాక్టరు. ఇంకొకాయన ఫ్లోరిడా వెళ్లిపోయాడు. మరొక ఆఫీసులో అమ్మాయి, కార్డు తీసుకుంటాం గానీ కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదంది. పాత పేషెంటు కావాలంటే ఏం చేయాలని అడిగాను. ముందు కొత్త పేషెంటుగా రావాలంది.  తర్వాత సారీ చెప్పి పెట్టేసింది.

ఒక నంబరుకు మగమనిషి పలికాడు. వెనక కుక్క మొరుగుతోంది. పేగుల డాక్టరు గారి ఆఫీసేనా అని అడిగాను.

"ఇది ఎరల కొట్టమ్మా. వానపాములున్నాయి, మిడతలున్నాయి. పేగులే కావాలంటే కోడి పేగులున్నాయి, జెల్ల చేపలు ఎగబడి తింటాయి," అన్నాడు.

నేను నవ్వాను. ఆ నెలలో నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. ఆయనా నవ్వాడు. తన నంబరు ఆ పేర్లలోకి ఎలా ఎక్కిందో తెలియదట. వారానికి ఇద్దరు ముగ్గురు చేస్తారట. "నీకెవరైనా దొరికితే నాకో మాట చెప్పు. నీ తర్వాత చేసేవాళ్లకి చెప్తా," అన్నాడు.

జూలైలో చిక్కుళ్లు కాపుకొచ్చాయి. అమ్మ వరండాలో కూర్చుని నార తీసి, సూదితో దారానికి గుచ్చి, చూరుకు వేలాడదీసింది. మేం చలికాలమంతా తినేది అవే. ఆర్లిస్ పక్కన కూర్చుని నార తీసేవాడు. అది తప్ప వేరే పని చేయడానికి వాడికి ఓపిక లేదు. అమ్మకు వాడి పని నచ్చేది కాదు.

"నార సగం కాయకే వదిలేస్తున్నావురా. రేపు నీ పళ్లలోనే ఇరుక్కుంటుంది," అనేది.

"నా పళ్లదాకా వస్తే కదే అమ్మా," అనేవాడు ఆర్లిస్. అమ్మ విననట్టు దారం కొరికేది.

నెలాఖరులో వాడు టమాటా మొక్కల మధ్య పడిపోయాడు. కౌంటీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం ఎక్కించారు. డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. పేగులు చూడ్డానికి బయటి నుంచి ఒక డాక్టరు వచ్చేవాడని, చలికాలం తర్వాత రావడం మానేశాడని చెప్పాడు. మీరే చూడలేరా అని అడిగాను. ఆ పని చేతనైతే మీరు అడిగేదాకా ఆగేవాణ్ణి కాదన్నాడు. మర్నాడు ఇంటికి పంపేశారు. తొందరగా పేగుల డాక్టరును కలవమని కాగితం మీద రాసిచ్చారు.

కారులో ఆర్లిస్ హుషారుగా ఉన్నాడు. బుగ్గలకు రంగు వచ్చింది.

"ఈ రక్తమిచ్చినవాడు మన సంఘంవాడు కాదక్కా," అన్నాడు. "కాళ్లు డాన్సుకి లాగుతున్నాయి."

మా బాప్టిస్టు సంఘంలో డాన్సు చేయరు. పెద్ద పాస్టరుకు చెప్తానని బెదిరించాను. చెప్పుకో, తప్పు నాది కాదు, ఎక్కించినవాళ్లది అన్నాడు. ఆ రంగు వారం ఉంది.

ఆ వారంలోనే కొండల అవతల లెక్సింగ్టన్ సిటీలో ఒక క్లినిక్ అమ్మాయి సరేనంది. నేను నమ్మక కార్డు పేరు మళ్లీ చెప్పాను. ఆమె మళ్లీ సరేనంది. వాళ్ల డాక్టరు ఆ కార్డున్నవాళ్లను గురువారం మధ్యాహ్నం మాత్రమే చూస్తాడు. ఆగస్టు ఆఖరి గురువారం ఒకటిన్నరకు ఒక ఖాళీ ఉంది. ముందురోజంతా ఏమీ తినకూడదు. పేగులు కడిగే మందు తాగాలి. వెంట మనిషి రావాలి. పావుగంట దాటి ఆలస్యమైతే ఆ ఖాళీ పోతుంది. అన్నీ ఒప్పుకున్నాను. ఫోను పెట్టేసి ఎరల కొట్టుకు చేసి క్లినిక్ పేరు చెప్పాను. ఆయన స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు.

నా కారు కొండెక్కితే పొగలు కక్కుతుంది. ఆ కార్డు మీదే ఆసుపత్రులకు తీసుకెళ్లే వ్యాన్ ఉంది, దానికి డబ్బు అక్కర్లేదు. ఒక గంట ముందే బయల్దేరాలని వాళ్లను అడిగాను. దూరం చూసి కంప్యూటర్ టైము ఇస్తుంది, మేం మార్చలేం అన్నారు.

బుధవారం అమ్మ చిక్కుళ్లు ఉడికించిన నీళ్లు గిన్నెలో తెచ్చింది. రంగులేని నీళ్లలాంటివి మాత్రమే తాగాలని నేను అడ్డం పడ్డాను.

"ఇవీ నీళ్లేగా," అంది అమ్మ.

"నీ చిక్కుళ్లలో పందికొవ్వు వేయని రోజుందా అమ్మా?" అన్నాడు ఆర్లిస్. "డాక్టరు కెమెరా పెడితే లోపల పంది కనిపిస్తుంది."

అమ్మ గిన్నె తీసుకెళ్లిపోయింది. వాడు మందు నీళ్లు గ్లాసు తర్వాత గ్లాసు తాగాడు. ప్రతి గ్లాసుకూ ముక్కు మూసుకున్నాడు. సాయంత్రానికి బాత్‌రూమ్ గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. లోపల ఇంకేం మిగల్లేదని, ఈసారి బయటికొచ్చేది ఆత్మేనని అన్నాడు.

గురువారం వ్యాన్ చెప్పిన వేళకే వచ్చింది. డ్రైవరు ఎల్బర్ట్ నోబుల్. ఒకప్పుడు బొగ్గు లారీ నడిపినవాడు, మా నాన్నను ఎరిగినవాడు. ఆర్లిస్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సీటు మీద తువ్వాలు మడిచి పరిచాను. అమ్మ వరండాలోంచి చెయ్యి ఊపింది.

ఊరు దాటి పెద్ద రోడ్డెక్కగానే ముందు కార్ల వరస కనబడింది. పగటి వెలుతురులో అన్నిటికీ లైట్లు వెలుగుతున్నాయి. వరస మొదట్లో శవపేటిక బండి. మా దగ్గర శవయాత్ర ఎదురొస్తే బండి పక్కకు తీసి ఆగుతాం. ముందు వెళ్తుంటే దాని వెనకే వెళ్తాం. బొగ్గు లారీలవాళ్లు కూడా దాటరు. ఎల్బర్ట్ వేగం తగ్గించి వరస చివర చేరాడు.

కార్లు నడక కంటే కొంచెం వేగంగా పోతున్నాయి.  చర్చి దగ్గర తిరిగిపోతాయన్నాడు ఎల్బర్ట్. తిరగలేదు. వంతెన దగ్గర తిరుగుతాయన్నాడు. అక్కడా తిరగలేదు. స్టిల్‌హౌస్ కొండ మొదలైంది. అక్కడ బరువు లారీలు నెమ్మదిగా ఎక్కడానికి రోడ్డు పక్కన ఇంకో వరస వేశారు. కొండపైదాకా రెండు వరసలు. అప్పటిదాకా దాటడానికి చోటే లేదు. అది అయిపోతే మళ్లీ చాలాదూరం దాకా ఉండదు.

"బాబాయ్, రెండో వరసొచ్చింది. దాటెయ్," అన్నాను.

 ఎల్బర్ట్ అద్దంలో ఆర్లిస్ వైపు చూశాడు.

"ఏమంటావురా అబ్బాయ్? నీ ప్రయాణం ఇది."

ఆర్లిస్ కిటికీకి తల ఆనించి ఉన్నాడు. ముందు కారు వెనక అద్దంలోంచి ఒక చిన్నపిల్ల మమ్మల్ని చూస్తోంది. గౌను వేసుకుంది, జుట్టుకు రిబ్బను కట్టారు.

"వద్దులే బాబాయ్," అన్నాడు.

ఎవరిదో కూడా మనకు తెలియదన్నాను.

"తెలిస్తే మాత్రం దాటుతామా?" అన్నాడు. తర్వాత నా చేతి మీద తట్టాడు. "వాళ్లకి ఇదొక్కసారేనక్కా. నాకింకో గురువారం ఉంటుంది."

ఎల్బర్ట్ తనూ ఆ వరసలో ఒకడైనట్టు వ్యాన్ లైట్లు వేశాడు. మేం కొండ అలాగే ఎక్కాం, అలాగే దిగాం. అవతల ఒక మట్టిదారి దగ్గర కార్లు తిరిగిపోయాయి. ఎల్బర్ట్ టోపీ తీసి, అన్నీ తిరిగేదాకా ఆగి, మళ్లీ పెట్టుకుని తొక్కాడు. సెల్‌ఫోన్ పలికే చోటికి వచ్చాక క్లినిక్‌కు చేశాను. లైన్లో ఉండమని పాట పెట్టారు. లెక్సింగ్టన్ ఊరు మొదలయ్యేదాకా ఆ పాటే విన్నాను.

వాళ్లిచ్చిన పావుగంట దాటిపోయింది. ఎక్కువేం కాదు. కౌంటర్లో ఉన్న అమ్మాయి గడియారం చూసింది, గోడ పట్టుకుని నిలబడ్డ ఆర్లిస్‌ను చూసింది, లోపలికి వెళ్లి వచ్చింది. తర్వాతి పేషెంటు అప్పటికే బల్ల మీద ఉన్నాడు. మత్తిచ్చే డాక్టరు నాలుగింటికి వెళ్లిపోతాడు. మధ్యలో ఖాళీ లేదు. శవయాత్ర వెనక చిక్కుకున్నామని చెప్పాను.

"దాటి రావచ్చు కదండీ?" అంది. ఎగతాళిగా అనలేదు. ఆమె సిటీ పిల్ల, నిజంగానే అడిగింది.

"రావచ్చు," అన్నాడు ఆర్లిస్.

ఆమె నవంబరు రెండో గురువారం ఇచ్చింది. మధ్యలో ఎవరైనా మానుకుంటే పిలుస్తానంది. ఆర్లిస్ ఆమెకు థాంక్స్ చెప్పాడు, చొక్కా లోపలికి దోపుకున్నాడు, వ్యాన్ దాకా తనే నడిచాడు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర వాడికి చికెన్ బిస్కెట్, అంటే కోడి ముక్క పెట్టిన మెత్తటి రొట్టె, కొనిచ్చాను. రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఒక ముక్క కొరికి కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎల్బర్ట్ లోపలికెళ్లి కాఫీ తెచ్చుకుంటూ, ఆ శవయాత్ర ఎవరిదో కనుక్కొచ్చాడు. ఓలా గేహార్ట్ అనే ముసలావిడ. తొంభై దాటిన మనిషి.

ఇంటికి వచ్చేసరికి అమ్మ వరండాలోనే ఉంది. నేను మెట్లెక్కుతూ జరిగింది చెప్పాను. ఆమె మొదట అడిగింది డాక్టరు సంగతి కాదు.

"ఎవరిదట?"

చెప్పాను. ఓలా వాళ్ల చెల్లెలు తనకు బడిలో తెలుసంది అమ్మ.

"మంచి పని చేశారు," అంది. తర్వాత లోపలికి వెళ్లింది. పొయ్యి మీద చిక్కుళ్లు పందిమాంసంతో ఉడికి ఉన్నాయి. పొద్దుట్నుంచీ వాడి కోసం పెట్టింది. ఆర్లిస్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక చెంచా తిన్నాడు. బాగున్నాయన్నాడు. అమ్మ ప్లేటు వంక చూస్తూ నిలబడింది.

సెప్టెంబరులో బడులు తెరిచారు. పొద్దుటి ట్రిప్పు అయ్యాక బస్సు షెడ్డులోని ఫోనులో లెక్సింగ్టన్‌కు చేసేదాన్ని. ఆ అమ్మాయి నా గొంతు గుర్తుపట్టేది. ఎవరూ మానుకోలేదండీ అనేది. మానుకునేవాళ్లెవరు, వాళ్లకూ అదే కార్డు కదా అని మా షెడ్డు మెకానిక్ అన్నాడు. చూరుకు వేలాడిన చిక్కుళ్లు ఎండి గలగలలాడాయి. ఆర్లిస్ మంచం వరండాలోకి మార్చాం. వాడు ఆ చప్పుడు వింటూ పడుకునేవాడు. నవంబరు గురించి మాట్లాడినప్పుడు ఇస్త్రీ చొక్కా ఇప్పుడు తనకు వదులైందని, అమ్మను కుట్లు వేసి బిగించమని చెప్పాడు. అమ్మ బిగించింది.

అక్టోబరు మొదట్లో ఒక ఉదయం వాడి పొట్ట ఉబ్బి బల్లలా గట్టిపడింది. కౌంటీ ఆసుపత్రివాళ్లు ముట్టుకుని చూసి హెలికాప్టర్‌ను పిలిచారు. మా రోడ్డు మీదుగా, స్టిల్‌హౌస్ కొండ మీదుగా వాణ్ణి లెక్సింగ్టన్‌కు ఎగరేసుకుపోయారు. నేను చుట్టాల కారులో వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయింది. ఈసారి ఏ కార్డని ఎవరూ అడగలేదు. ఇదే ఊళ్లో వాడికి నవంబరుకు ముందు ఇంకో గురువారం దొరకలేదు. ఇప్పుడు ఒక గది నిండా డాక్టర్లున్నారు.

కోసిన డాక్టరు ఆడమనిషి. టోపీ తీయకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. పేగు మూసుకుపోయి చిట్లిందని, క్యాన్సర్ గడ్డ కాలేయందాకా పాకిందని చెప్పింది. ఆగస్టులో చూసి ఉంటే అని అడగబోయాను. నేను వాక్యం పూర్తిచేయక ముందే, "ఆగస్టుకే పాకి ఉంటుంది," అంది. అది నిజమో, నా మొహం చూసి అన్న మాటో నాకు తెలియదు. మళ్లీ అడగలేదు.

ఆర్లిస్ నాలుగో రోజు పోయాడు. మత్తులోంచి ఒకసారి లేచినప్పుడు, ఎల్బర్ట్‌కు చెప్పు, ఈసారి టైముకే వచ్చానని అన్నాడు.

అమ్మ పుట్టింటివాళ్ల సమాధుల తోట స్టిల్‌హౌస్ కొండకు అవతల ఉంది. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. ఊళ్లో ప్రార్థన అయ్యాక బయల్దేరాం. శవపేటిక బండి వెనక మొదటి కారు మాది. మావయ్య కొడుకు లోనీ తన కారు ఇచ్చి నన్ను నడపమన్నాడు. వాడు మా వెనకే ఇంకో కారు నడుపుతూ వచ్చాడు. ఎదురొచ్చిన బళ్లన్నీ పక్కకు తీసి ఆగాయి. ఒక లారీవాడు దిగి, టోపీ గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

కొండ మలుపు తిరిగినప్పుడు వెనకున్న వరసంతా కింద కనబడింది. అన్నిటికంటే చివర తెల్ల వ్యాన్.

అమ్మ కూడా చూసింది.

"ఆ చివర ఎవరే?"

"ఎల్బర్ట్ బాబాయ్ వ్యాన్."

"సమాధి దగ్గరకొస్తున్నాడా?"

కాదని, డ్యూటీలో ఉన్నట్టున్నాడని చెప్పాను. ప్రార్థనకు రాలేనని ముందే కబురు పెట్టాడు. వెనక సీట్లో ఎవరో కూర్చున్నట్టే కనబడింది.

"ఇవాళ ఏం వారం?" అంది అమ్మ.

"గురువారం."

అమ్మ చేతిలో ఉన్న రుమాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. రోడ్డు వెడల్పయింది. లారీల కోసం వేసిన వరస మొదలైంది.

"చెయ్యి బయట పెట్టు," అంది. "దాటి పొమ్మను."

నేను అద్దం దించి చెయ్యి బయటికి చాపి, ముందుకు పొమ్మని ఊపాను. లోనీకి మొదట అర్థం కాలేదు, లైట్లు కొట్టి అడిగాడు. నేను మళ్లీ ఊపాను. వాడూ వెనక్కి చూసి చెయ్యి బయట పెట్టాడు. వాడి వెనక కారులోంచి ఒక చెయ్యి వచ్చింది. దాని వెనక కారులోంచి ఇంకోటి. కొండ కిందిదాకా కార్ల కిటికీల్లోంచి చేతులు ఊగాయి.

పక్క వరస పైదాకా ఖాళీగా ఉంది.

వ్యాన్ అందులోకి తిరగలేదు, అందరికంటే చివర మా వెనకే వచ్చింది. కాసేపటికి దాని లైట్లు వెలిగాయి.